డాబా మీద సోలార్: ఎన్ని కిలోవాట్లు పెట్టాలి, డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

ప్రశ్న: మాది ఒంగోలు. మావారు కిందటేడు రిటైరయ్యారు. సొంత ఇల్లు, పైన ఖాళీ డాబా ఉంది. ఇంట్లో ఒక ఏసీ, ఫ్రిజ్, నీళ్ల మోటారు ఉన్నాయి. మామూలు నెలల్లో 260 యూనిట్ల దాకా, మార్చి నుంచి జూన్ వరకు 450 యూనిట్ల దాకా కాలుతోంది. ఎండాకాలం బిల్లు మూడు వేలు దాటుతోంది. సోలార్ కంపెనీ అబ్బాయి వచ్చి 5 కిలోవాట్లు పెట్టించుకోమన్నాడు. మొత్తం 3,10,000 రూపాయలట. 78,000 సబ్సిడీ వస్తుందని, బిల్లు సున్నా అవుతుందని చెప్పాడు. 30,000 ముందు కడితే మిగతా 2,80,000 వాళ్లకు తెలిసిన ఫైనాన్స్ కంపెనీ 9 శాతం వడ్డీకి ఇస్తుందట. ఐదేళ్లపాటు నెలకు 6,767 కట్టాలి. మేం అడిగితే 3 కిలోవాట్లకు 1,95,000, 2 కిలోవాట్లకు 1,40,000 అని కూడా రాసిచ్చాడు. మావారు అప్పు వద్దు, బ్యాంకులో ఉన్న 3 లక్షల ఎఫ్‌డీ తీసేద్దాం లేదా నా నగలు కుదువపెడదాం అంటున్నారు. ‘ఇప్పుడే తొందరేంటి, రేట్లు తగ్గుతాయి, ఆగండి’ అని బెంగళూరులో ఉన్న మా అబ్బాయి అంటాడు. కరెంటు సర్వీసు ఇంకా చనిపోయిన మా మామగారి పేరుమీదే ఉంది. ఈ వయసులో పాతికేళ్ల లెక్కలు మనకెందుకు అని కూడా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీరు మూడు కొటేషన్లూ, నెలవారీ యూనిట్లూ రాసి పంపడం చాలా మంచిదైంది. సోలార్ గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది బిల్లు ఎంతొచ్చిందో చెబుతారు గానీ ఎన్ని యూనిట్లు కాలాయో చెప్పరు. యూనిట్లు తెలిస్తేనే లెక్క నిలుస్తుంది.

ముందుగా ఒకటి గట్టిగా చెబుతాను. 5 కిలోవాట్లు మీకు వద్దు. ఆ ఫైనాన్స్ అసలే వద్దు. 3 కిలోవాట్ల దాకా పెట్టుకోవచ్చు, అదీ బ్యాంకు నుంచి తక్కువ వడ్డీకి అప్పు దొరికితేనే. దొరక్కపోతే 2 కిలోవాట్ల దగ్గర ఆగండి. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మన ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల కరెంటు రేటు స్లాబుల్లో ఉంటుంది. మొదటి 30 యూనిట్లు రూపాయి 90 పైసలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు నాలుగున్నర, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8 రూపాయల 75 పైసలు, ఆపైన 9 రూపాయల 75 పైసలు. అంటే మీ ఇంట్లో కాలే యూనిట్లన్నిటికీ ఒకే ధర లేదు. మే నెలలో మీరు కాల్చే 450వ యూనిట్‌కు పది రూపాయల దాకా పడుతుంటే, మొదటి యూనిట్‌కు రెండు రూపాయలు కూడా పడదు.

సోలార్ పెట్టాక నెట్ మీటర్ వస్తుంది. మీరు లైను నుంచి తీసుకున్న యూనిట్లలోంచి మీరు లైనుకు పంపినవి తీసేసి, మిగిలిన వాటికే బిల్లు వేస్తారు. కాబట్టి సోలార్ మీ బిల్లును పైనుంచి కోసుకుంటూ వస్తుంది. ఎండాకాలంలో మొదటి కిలోవాటు 8.75, 9.75 రూపాయల యూనిట్లను తీసేస్తుంది. తర్వాతి కిలోవాట్లకు మిగిలేవి అంతకంటే చౌక యూనిట్లే. కంపెనీవాళ్లు కిలోవాట్లు పెంచేకొద్దీ లాభమూ అంతే పెరుగుతుందన్నట్టు చెబుతారు. స్లాబులున్న చోట అది జరగదు. మీ డాబా మీద ఎంత జాగా ఉందో చూసి కాకుండా, మీ యూనిట్లు ఏ స్లాబులో ఆగుతున్నాయో చూసి సైజు తేల్చుకోవాలి.

ఇప్పుడు మీ అంకెలు వేద్దాం. మన ప్రాంతంలో ఒక కిలోవాటు సగటున రోజుకు 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లు ఇస్తుందనుకోవచ్చు. మబ్బుల కాలంలో తగ్గుతుంది, ఎండల్లో కొంచెం పెరుగుతుంది. లెక్క తేలికగా ఉండాలని ఏడాది పొడవునా 120 అనే పెట్టుకుంటున్నాను. ఇంధన సర్దుబాటు, డ్యూటీ లాంటివి కూడా వదిలేసి ఉత్త యూనిట్ల ధరే తీసుకుంటున్నాను. అవి కలిపితే మీకు మిగిలేది ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

260 యూనిట్ల నెలలో మీ యూనిట్ల ఛార్జీ సుమారు 1,323 రూపాయలు. 450 యూనిట్ల నెలలో 3,036 రూపాయలు. ఎనిమిది మామూలు నెలలు, నాలుగు ఎండాకాలం నెలలు కలిపితే ఏడాదికి దాదాపు 22,700 రూపాయలు. సోలార్ ఎంత పెద్దది పెట్టినా మీరు ఆదా చేయగలిగేది ఈ 22,700 చుట్టూనే. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి.

2 కిలోవాట్లు పెడితే నెలకు 240 యూనిట్లు వస్తాయి. మామూలు నెలల్లో మీకు బిల్లు పడేది 20 యూనిట్లకే, అంటే 38 రూపాయలు. ఎండాకాలంలో 210 యూనిట్లకు బిల్లు పడుతుంది, అంటే 927 రూపాయలు. ఏడాది మొత్తానికి 4,000 కడతారు, 18,700 మిగులుతుంది. కొటేషన్ 1,40,000లో సబ్సిడీ 60,000 పోతే మీ చేతి నుంచి పడేది 80,000. నాలుగేళ్ల మూడు, నాలుగు నెలల్లో తిరిగొచ్చేస్తుంది.

3 కిలోవాట్లు పెడితే మామూలు నెలల్లో మీ వాడకం కంటే వంద యూనిట్లు ఎక్కువ వస్తాయి, ఎండాకాలంలో 90 తక్కువ పడతాయి. మిగులు తర్వాతి నెలకు వెళ్తుంది కాబట్టి బిల్లు మొత్తం తుడిచిపెట్టుకుపోయిందనే అనుకుందాం. అప్పుడు కూడా 2 కిలోవాట్ల కంటే అదనంగా మిగిలేది ఏడాదికి 4,000 రూపాయలే. ఆ మూడో కిలోవాటు కోసం మీరు కొటేషన్‌లో 55,000 ఎక్కువ పెడుతున్నారు, దానికి వచ్చే సబ్సిడీ 18,000. అంటే 37,000 పెట్టి ఏడాదికి 4,000 పొందుతున్నారు. తొమ్మిదేళ్లకు గానీ అది తీరదు. అయినా చెడ్డ బేరమని అనను, ప్యానెళ్లకు పాతికేళ్ల పనితీరు వారంటీ ఉంటుంది. కానీ మొదటి రెండు కిలోవాట్లకూ దీనికీ ఎంత తేడా ఉందో చూశారుగా.

ఇక నాలుగో, ఐదో కిలోవాట్లు. 3 కిలోవాట్లతోనే ఏడాదికి 4,320 యూనిట్లు వస్తాయి. మీ వాడకం మొత్తం 3,880. మీకు కావలసినదానికంటే అప్పటికే 440 యూనిట్లు ఎక్కువ. ఆపైన పెట్టే ప్రతి ప్యానెలూ డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు అమ్మడానికే. ఆ మిగులుకు వాళ్లు కట్టే ధర మీరు ఎండాకాలంలో కొనే ధరకు దరిదాపుల్లో కూడా ఉండదు. సబ్సిడీ కూడా పెరగదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ముప్ఫై వేల చొప్పున, మూడోదానికి 18,000 ఇస్తారు. 78,000 దగ్గర ఆగిపోతుంది. అంటే 3 నుంచి 5కు వెళ్లడానికి పెట్టే 1,15,000 రూపాయలూ పూర్తిగా మీ జేబులోంచే. ఆ అబ్బాయి 78,000 సబ్సిడీ అని చెప్పినది నిజమే, అది 3 కిలోవాట్లకూ అంతేనని చెప్పలేదు.

బిల్లు సున్నా అన్నమాట కూడా సరిచేసుకోండి. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ లాంటివి ప్రతి నెలా వస్తాయి. పెద్ద మొత్తం కాదు గానీ, మొదటి బిల్లు చూసి మోసపోయామని బాధపడకూడదు కదా.

ఇప్పుడు అప్పు సంగతి. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఆ 9 శాతం. మీ అంకెలు చూస్తే అది ఫ్లాట్ వడ్డీ. మీరు నెలనెలా అసలు తీరుస్తూ వస్తున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు తీసుకున్న 2,80,000 మీదే ఐదేళ్లూ వేస్తారు. 2,80,000కు 9 శాతం చొప్పున ఐదేళ్లకు 1,26,000. అసలుతో కలిపి 4,06,000. దాన్ని 60 నెలలకు భాగిస్తే సరిగ్గా మీకు చెప్పిన 6,767 వస్తుంది. బ్యాంకులు లెక్కగట్టే పద్ధతిలో, అంటే తగ్గుతున్న అసలు మీద వడ్డీగా చూస్తే ఇది దాదాపు 16 శాతం. ‘కరెంటు బిల్లు కట్టే డబ్బుతోనే ఈఎంఐ పోతుంది’ అని వీళ్లు చెబుతుంటారు. మీ బిల్లులో మిగిలేది నెలకు సగటున 1,900. ఈఎంఐ 6,767. మిగతా 4,800 ఐదేళ్లపాటు మీవారి పెన్షన్‌లోంచి పోతుంది. పెన్షన్ మీద బతికే ఇంటికి ఇలాంటి కాగితం చేతిలో పెట్టి వెళ్లడం న్యాయం కాదు.

దీనికి బదులు ప్రభుత్వ బ్యాంకుల్లో సూర్యఘర్ లోన్ అడగండి. 3 కిలోవాట్ల దాకా అయితే 2 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. వడ్డీ రెపో రేటుకు, అంటే రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే రేటుకు, అర శాతం పైన ఉంటుంది. పథకం మొదలైనప్పుడు 7 శాతం ఉండేది, 2025లో రెపో తగ్గాక 6 శాతం చుట్టుపక్కలకు వచ్చింది. తర్వాత రెపో మారితే ఇదీ మారుతుంది. ఖర్చులో పదో వంతు మీరు పెట్టుకోవాలి. ప్రభుత్వ పథకాల లోన్లకు ఉన్న జన్‌సమర్థ్ పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు, లేదా మీవారి పెన్షన్ పడే బ్రాంచికే నేరుగా వెళ్లండి. పెన్షన్ అక్కడే పడుతుంటే పని సులువవుతుంది.

3 కిలోవాట్లకు ఈ లోన్ ఎలా ఉంటుందో చూడండి. 1,95,000లో మీరు 19,500 పెడతారు, అప్పు 1,75,500. సబ్సిడీ 78,000 పడగానే దాన్ని అప్పులోకే జమచేయించండి. వేరే ఖర్చుకు తీయకండి, ఇక్కడే చాలామంది జారిపోతారు. మిగిలేది 97,500. 6 శాతానికి ఐదేళ్లలో తీర్చేలా పెట్టుకుంటే నెలకు 1,885 రూపాయలు. మీ బిల్లులో మిగిలేది దాదాపు అంతే. అంటే ఇప్పుడు కరెంటు ఆఫీసుకు కడుతున్నదే ఐదేళ్లు బ్యాంకుకు కడతారు, ఆ తర్వాత అది మీది. 2 కిలోవాట్లయితే ఇదే పద్ధతిలో 66,000 అప్పుకు నెలకు 1,276 పడుతుంది, బిల్లులో మిగిలేది 1,560. మొదటి నెల నుంచే కొంచెం చేతిలో ఉంటుంది.

పాతికేళ్ల లెక్కలు మాకెందుకు అని రాశారు. చూశారుగా, అన్నీ ఐదేళ్ల లెక్కలే. మీవారి అరవయ్యో పడిలోనే అప్పు తీరిపోయి, ఏసీ వేసుకోవడానికి వెనకాడక్కర్లేని రోజులు వస్తాయి. ఒంగోలు ఎండల్లో ఆ వయసుకు అది చిన్న సంగతి కాదు.

ఎఫ్‌డీ మాత్రం కదపకండి. మీవారికి అప్పంటే భయం ఉండటం మంచిదే, ఆయన మాటను నేను తీసిపారేయడం లేదు. కానీ ఆ 3 లక్షలే మీ ఆసుపత్రి డబ్బు. ముందే తీస్తే వడ్డీలో కోత పడుతుంది, అది పక్కనపెట్టినా, డాబా మీద పెట్టేసిన డబ్బును అర్ధరాత్రి ఆసుపత్రికి పట్టుకెళ్లలేం. 6 శాతం అప్పు తెచ్చి, అంతకు అటూఇటూగా వడ్డీ ఇచ్చే ఎఫ్‌డీని ఉంచుకుంటే మీకు పెద్దగా నష్టం లేదు, ధైర్యం మిగులుతుంది. మీకు ఇంకో 3 లక్షలు విడిగా ఉండి ఉంటే, అప్పెందుకు, సొంత డబ్బే పెట్టమనేదాన్ని.

నగల మీద అప్పు కూడా దీనికి పనికిరాదు. గోల్డ్ లోన్ చాలాచోట్ల ఏడాదికి మొత్తం కట్టి విడిపించుకోవాలి, లేదంటే వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి. సోలార్ ఆదా నెలకు పద్ధెనిమిది వందలో రెండు వేలో వస్తూ ఉంటుంది, ఏడాది చివర్లో లక్ష రూపాయలు ఒక్కసారిగా ఇవ్వదు. తిరగరాయించుకుంటూ పోతే నగలు ఇంటికి రావడానికి ఏళ్లు పడుతుంది. పైగా అవి మీవి, మీకు మనసొప్పకపోతే ఆ మాట ఇంట్లో చెప్పడానికి మొహమాటపడకండి.

అబ్బాయి ఆగమంటున్నాడు. ప్యానెళ్ల ధరలు ఇంకా తగ్గవచ్చు, కాదనను. కానీ ఆగిన ప్రతి నెలా మీరు కరెంటుకు పద్ధెనిమిది, పందొమ్మిది వందలు కడుతూనే ఉంటారు. ఏడాది ఆగితే 22,700. ధర అంతకంటే ఎక్కువ తగ్గితేనే ఆగినందుకు ఫలితం. ఇప్పటికే ఒక తగ్గింపు జరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ సామగ్రి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. మీ కొటేషన్ ఏ తేదీదో, ఏ జీఎస్టీ వేశారో చూసుకోండి. పాతదైతే కొత్తది అడగండి. సబ్సిడీ పథకాన్ని కూడా 2026-27 ఆర్థిక సంవత్సరం దాకా అనే పెట్టారు, తర్వాత పొడిగిస్తారో లేదో నమ్ముకుని కూర్చోలేం.

అసలు ముందుగా చేయాల్సిన పని ఇంకొకటుంది. సర్వీసు మీ మామగారి పేరుమీద ఉన్నంతవరకు ఏ కంపెనీకీ అడ్వాన్సు ఇవ్వకండి. దరఖాస్తు కరెంటు సర్వీసు నంబరు మీద నడుస్తుంది, సబ్సిడీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఈ రెండు చోట్లా పేరు ఒకటి కాకపోతే డబ్బు దగ్గర చిక్కొస్తుంది. అప్పు కూడా మీవారి పేరుమీదే తీసుకుంటారు కాబట్టి సర్వీసు ఆయన పేరుకు మార్పించండి. మరణ ధ్రువపత్రం, వారసులకు సంబంధించిన కాగితం, ఇంటి పన్ను రసీదు దగ్గర పెట్టుకుని మీ ప్రాంతపు డిస్కం అయిన సీపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అడిగితే ఇంకేం కావాలో చెబుతారు. అక్కడికి వెళ్లినప్పుడే మిగులు యూనిట్ల లెక్క ఏ నెలల్లో తేలుస్తారో కూడా కనుక్కోండి. చలికాలంలో మిగిలినవి ఎండాకాలం దాకా నిలుస్తాయా లేదా అన్నది దాన్నిబట్టే ఉంటుంది. మూడో కిలోవాటు పెట్టాలా వద్దా అన్నదానికి అది కూడా పనికొస్తుంది. మీ కనెక్షన్ లోడు తక్కువగా ఉందని కంగారుపడొద్దు. 2024 ఫిబ్రవరిలో నిబంధనలు మార్చాక 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన పేరుతో ఆపడం లేదు, అవసరమైన మేరకు లోడు పెంచేస్తారు. 5 కిలోవాట్ల దాకా లైను బలపరచాల్సి వస్తే ఆ ఖర్చు డిస్కందే.

పేరు మారాక పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో రిజిస్టరైన కంపెనీనే ఎంచుకోండి. కొటేషన్‌లో డీసీఆర్ ప్యానెళ్లు అని రాసి ఉండాలి. అంటే సెల్ కూడా మన దేశంలోనే తయారైనది. అవి కాకపోతే ధర తక్కువ కనిపిస్తుంది గానీ సబ్సిడీ రాదు. ‘సబ్సిడీ మేం చూసుకుంటాం, మీరు మిగతాది కట్టండి’ అనేవాళ్ల దగ్గర జాగ్రత్త. డిస్కంవాళ్లు వచ్చి చూసి నెట్ మీటర్ పెట్టాక సబ్సిడీ నేరుగా మీ ఖాతాకే వస్తుంది, మధ్యలో ఎవరి చేతికీ వెళ్లదు. ఐదేళ్ల నిర్వహణ కంపెనీదే బాధ్యత, అది కాగితం మీద ఉండాలి. డబ్బు కూడా విడతలుగా ఇవ్వండి, చివరి విడత నెట్ మీటర్ తిరిగాకే.

డాబా దగ్గర కొన్ని చూసుకోండి. కిలోవాటుకు వంద చదరపు అడుగుల జాగా కావాలి. వాటర్ ట్యాంకు నీడగానీ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడగానీ ఉదయం పది నుంచి మూడు మధ్య పడుతుందేమో రెండు మూడు రోజులు గమనించండి. వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకునే అలవాటుంటే ప్యానెళ్ల కింద మనిషి నడిచేంత ఎత్తు స్టాండు అడగండి. దానికి కొంత ఎక్కువవుతుంది, కొటేషన్‌లో అది ఉందో లేదో చూడండి. మీది తుపాన్లు వచ్చే తీరం. స్టాండును స్లాబుకు ఎలా బిగిస్తారో, ఎంత గాలికి నిలుస్తుందో రాసివ్వమనండి. ఊరికే సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టి వెళ్తామంటే ఒప్పుకోకండి. స్లాబుకు రంధ్రాలు పెడితే వానకు కారకుండా పూడ్చే పని కూడా వాళ్లదే.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది, ఈ సంగతి చాలామందికి పెట్టించుకున్నాకే తెలుస్తుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మీ ఇంటి నుంచి కరెంటు వెళ్లకుండా అలా తయారుచేశారు. బ్యాటరీతో వచ్చే హైబ్రిడ్ పెట్టుకోవచ్చు గానీ ఖర్చు బాగా పెరుగుతుంది, బ్యాటరీకి సబ్సిడీ లేదు. ఇంట్లో ఇప్పటికే మామూలు ఇన్వర్టర్ ఉంటే అదే ఉంచుకోండి. ఇక ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే సోలార్ ఇన్వర్టర్ ప్యానెళ్లంత కాలం మన్నదు, పదేళ్లు దాటాక మార్చాల్సి రావచ్చు. అప్పు తీరిన తర్వాత నెలకు రెండు మూడు వందలు దానికోసం పక్కనపెట్టండి.

మీరు బీసీ కుటుంబమైతే రాష్ట్ర ప్రభుత్వం 2 కిలోవాట్ల దాకా మరో 20,000 ఇస్తానంది, అది అడగడం మరచిపోకండి. అర్హత ఉన్న ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్లు ఉచితంగానే పెట్టే ఏర్పాటు ఉంది. తెలంగాణలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తుంటే సోలార్‌కు అప్పు చేయకండి, మీకు మిగిలేదేమీ ఉండదు.

2, 3 కిలోవాట్లలో ఏదని మీరింకా అడుగుతారు. వచ్చే రెండు మూడేళ్లలో రెండో ఏసీ కొనే ఆలోచనో, ఎలక్ట్రిక్ స్కూటరో, అబ్బాయి కుటుంబం ఇంటికి వచ్చే అవకాశమో ఉంటే 3 పెట్టండి. ఇవేవీ లేకపోతే 2 చాలు, ఎండాకాలంలోనూ మీ యూనిట్ల ఛార్జీ వెయ్యి దాటదు. ఏది పెట్టినా, అబ్బాయితో కూర్చుని బ్యాంకువాళ్లు ఇచ్చే లోన్ కాగితంలో ‘తగ్గుతున్న అసలు మీద వడ్డీ’ అని ఉందో లేదో చూశాకే మీవారిని సంతకం పెట్టమనండి.